తొట్టిలో పడగలెత్తినవి

ఆశ్వయుజ బహుళ తదియ

మా ఉప్పునీళ్ళ తొట్టి ఈశాన్యం మూల నాపరాయి పలక కదులుతోందని ఇవాళ లేపి చూశాను. కింద బురదలో ఏవో పురుగులు ఉన్నాయి. వేలంత పొడవు, ఎర్రమట్టి రంగు, ఒంటికి రెండు పక్కలా సన్నటి వెంట్రుకలు. వెలుతురు పడగానే తల బయటపెట్టి, తల మీద ఈకల్లాంటివి విప్పి, అటూ ఇటూ ఊగి, సర్రున లోపలికి పోయాయి.

ఈ తొట్టిలో నాకు తెలియని ప్రాణి లేదు. ఆలిచిప్పలు, నత్తలు, పీతలు, కొయ్యింగ చేపపిల్లలు, ఆ మూల మడ మొక్కలు, అన్నీ నా చేతి మీద పెరిగినవే. ఏ పీత ఏ పూట అలిగి రాయి కిందకి పోతుందో కూడా చెప్పగలను. వీటినేమంటారో మాత్రం తెలియదు. ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ నా కింద కాపురముంటూ నాకే మొహం చూపించలేదంటే ఎంత పొగరు!

ఉప్పెంత, వేడెంత అన్నది తొట్టి మీటర్లే చూసుకుని తీరం ఆఫీసుకి పంపుతాయి. ఈ రాత నాది. నా నోటికి జడిసి పేటలో ఎవరూ నాతో పట్టుమని పది మాటలు మాట్లాడరు. అందుకని ఇక్కడ మాట్లాడుకుంటాను.

ఆశ్వయుజ బహుళ పంచమి

తీరం ఆఫీసు నుంచి మెహరున్నీసా పిలిచింది. నంద్యాల పిల్ల, మంచిదే. మా పేటకి తనిఖీకి వచ్చేది ఆమే. కార్తీక శుద్ధ పంచమికి వస్తానంది. ఏమైనా కొత్త విశేషాలున్నాయా అని అడిగితే, ఉన్నదున్నట్టు పురుగుల సంగతి చెప్పేశాను. దాచితే బాగుండేదేమో. కానీ నాకు కడుపులో మాట ఆగదు.

పేరు తెలియని ప్రాణి తొట్టిలో ఒక్కటున్నా తొట్టి మొత్తానికి ఆవిరి పట్టాలని రూలు ఉందంది. ఆవిరి అంటే ఉడకబెట్టడమే. పోయినేడు ఎగువ గనిలో ఒక తొట్టికి అలాగే పట్టారు. ఇప్పుడు ఆ తొట్టిలో పిల్లలు చింతపండు ఆరబెట్టుకుంటున్నారు.

మా ఊరు గుల్లతిప్ప సముద్రంలో మునిగినప్పుడు మమ్మల్ని తెచ్చి ఈ పాడుబడిన నాపరాళ్ళ గనిలో పడేశారు. వస్తూ వస్తూ ఇంటికో బిందె సముద్రపు నీళ్ళు, దోసెడు బురద తెచ్చుకున్నాం. వాటితో నిలబెట్టిందే ఈ తొట్టి. అక్కడ తీరంలో నీళ్ళు శుభ్రపడ్డ కొద్దీ సముద్రపు గోడకి తలుపులు తీస్తున్నారు. తొట్టి బతికున్న పేటల వాళ్ళకే తీరం మీద చోటు. తొట్టిలోని ప్రాణాల్ని తీసుకెళ్ళి వాళ్ళే నీళ్ళలో వదలాలి. తొట్టి పోతే వాళ్ళు ఇక గట్టు మనుషులే, వంతు జాబితాలోంచి కొట్టేస్తారు. వచ్చే వంతు మాది.

నాకిక్కడ చావాలని లేదు. ఈ సున్నపు దుమ్ములో, ఈ గాలిమరల రొదలో నన్ను పాతిపెడతారని తలుచుకుంటేనే ఊపిరాడదు. ఒక్కసారి ఆ ఉప్పుగాలి పీల్చి, పాదాల మీదకి ఒక్క కెరటం వచ్చిపోతే చాలు. తర్వాత ఏమైపోయినా పర్వాలేదు.

ఆశ్వయుజ బహుళ సప్తమి

మెహరు పేర్ల అద్దం పంపింది. అరచేతిలో పట్టే పలక. ప్రాణి మీద పెడితే దాని పేరు చెబుతుందట. పెట్టాను. మొదటిసారి జలగ అంది. రెండోసారి పెడితే జెర్రి అంది. మూడోసారి పురుగు కాస్త ఊగేసరికి, గడ్డి జాతి మొక్క, నీళ్ళు తక్కువ పోయండి అంది. విసుగొచ్చి నా జడ కొస మీద పెట్టాను. సముద్రపు పురుగు, ముసలిది, జాగ్రత్తగా తాకండి అంది. నా మనవరాలు అలివేలు ఆ పలక వంకా నా మొహం వంకా చూసి పడీపడీ నవ్వింది.

అలివేలుకి ఆరో ఏడు. పుట్టుకతో చెవులు వినపడవు. ఎగువ ఆసుపత్రిలో చెవి వెనక యంత్రం పెట్టారు, పని చెయ్యలేదు. ఇక ఏం చేసినా లాభం లేదన్నారు. పెదాలు చూసి కొంచెం, చేతులు చూసి కొంచెం తెలుసుకుంటుంది. తెలియకపోయినా తల ఊపేస్తుంది. ఎదుటివాళ్ళు బాధపడకూడదని అలా ఊపుతుందని నాకు తెలుసు. వాళ్ళమ్మ నాగేంద్రానికి మాత్రం ఊపిన ప్రతిసారీ ఆశే. అల్లుడు సముద్రపు గోడ పనికి పోయి ఏడాదికోసారి వస్తాడు. ఈలోగా ఆ ఆశంతా నాగేంద్రం ఒక్కతే మోస్తుంది.

ఆశ్వయుజ బహుళ అష్టమి

మా బావ వీరాస్వామిని తీసుకొచ్చి చూపించాను. మా ఆయనకి అన్న, మా కులపెద్ద, ఒకప్పుడు పడవ నడిపినవాడు. తొట్టిలోకి వంగి చాలాసేపు చూశాడు. "ఎర," అన్నాడు. ఏ ఎర అని అడిగాను. "ఎరే. గేలానికి గుచ్చేది." ఏ చేపకి అంటే, పడ్డ చేపకి అన్నాడు. మా వాళ్ళ తీరే అంత. తినేదానికో పేరు, దాన్ని పట్టేదానికో పేరు. మిగతా సముద్రమంతా వాళ్ళకి వట్టి నీళ్ళే.

మెహరుకి ఎర అని చెప్పాను. జాబితాలో లేదమ్మా అంది. ఒకదాన్ని సీసాలో పెట్టి రేషను బండి మీద పంపమంది. పైవాళ్ళు కోసి చూసి చెబుతారట.

ఆశ్వయుజ బహుళ దశమి

సీసా పంపాను. ఈలోగా మిగతావాటిని పట్టి పారేస్తే పీడా పోతుందని కూర్చున్నాను. ఎండు రొయ్య ముక్కని గుడ్డలో కట్టి దించితే రెండు వచ్చాయి. పట్టుకు లాగితే ఒకటి తెగింది. తల వైపు ముక్కా కదిలింది, తోక వైపు ముక్కా కదిలింది, రెండూ బురదలోకి పోయాయి. ఒకటి తీయబోయి రెండు చేశాను. చేతికి సన్నటి ముళ్ళు గుచ్చుకుని దురద. రెండో మూల పలక లేపి చూస్తే అక్కడా ఉన్నాయి. మడ మొక్కల వేళ్ళలోనూ ఉన్నాయి.

పలక దించేసి దాని మీదే కూలబడ్డాను. తొట్టి నాది అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఒక్కటి మాత్రం నిజం చెప్పాలి. ఈ నెలలో నీళ్ళు ఇంత తేటగా ఎప్పుడూ లేవు. ఆలిచిప్పల మీద పాచి పోయింది. ఆ పురుగులు చేసిన పనే అది అని నా అనుమానం. అయినా పని మంచిదని పేరు లేనివాణ్ణి పెళ్ళిపందిట్లోకి ఎవడు రానిస్తాడు?

ఆశ్వయుజ బహుళ త్రయోదశి

పొద్దున్నే తొట్టి అంచు పలక మీద పసుపు బొట్లు కనిపించాయి. పిల్లల ఆటే అనుకుని తుడిచేసి, అందరికీ వినపడేలా తిట్టాను. తొట్టిలో చిటికెడు పసుపు పడితే పీతలు తేలతాయి. ఊళ్ళో ఉన్నప్పుడు గంగమ్మకి ఎన్ని గంపల పసుపు కుంకుమలు వేసినా సముద్రానికి చాల్లేదు. ఇక్కడ ఆ లెక్క కుదరదని, చూపించి వెనక్కి తీసుకుపోవడమే మొక్కు అని మొదట్నించీ కట్టడి పెట్టాం. ఇన్నేళ్ళలో ఎవరూ దాన్ని దాటలేదు.

నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. నేను రాగానే మానేశారు. ఏమిటని అడిగితే, అవేంటి నాంచారమ్మొదినా, ఆ ఊగేవి, అన్నారు. తెలిసి చావలేదు, పొండి అన్నాను.

దీపావళి అమావాస్య

ఊళ్ళో అమావాస్యకి పెద్ద పోటు వచ్చేది. ఇక్కడ పోటూ లేదు, పాటూ లేదు. అయినా మధ్యాహ్నానికి తొట్టిలో పురుగులన్నీ ఒక్కసారే బురదలోంచి జానెడు లేచాయి. తలల మీద ఈకలు విప్పి, ఒక్క తీరుగా అటూ ఇటూ ఊగాయి. ఇన్ని ఉన్నాయని నాకే తెలియదు. చూడ్డానికి పేటంతా వచ్చింది. పలక అంచు చుట్టూ మూగారు. వెనక నుంచి ఒక ముసలామె మెల్లగా "పడగలే," అంది.

అప్పుడర్థమైంది నాకు, పసుపు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో. మోపిదేవి పుట్ట నీళ్ళలో కలిసిపోయాక మా వాళ్ళకి నాగులచవితికి పాలు పోసే చోటు లేదు. ఈ గనిలో చీమల పుట్ట కూడా లేవదు, అంతా రాయే. ప్రతి ఏడూ ఆడవాళ్ళు గోడకి పసుపు పూసి, దానికి దండం పెట్టుకుని సరిపెట్టుకుంటున్నారు.

అవి పురుగులు, నాగుపాములు కావు అని గట్టిగా అన్నాను. మరి ఏ పురుగులు అని అడిగారు. ఏం చెప్పను? తెలియదు అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వినడం వాళ్ళకి కొత్త. మొహమొహాలు చూసుకున్నారు. నాగేంద్రం అలివేలుని ఎత్తుకుని, తలలు కనపడేలా ముందుకి వంచి చూపిస్తోంది.

కార్తీక శుద్ధ విదియ

మెహరు నుంచి కబురు లేదు. నేనే రెండుసార్లు పిలిచాను, పలకలేదు. పేరు రాకపోతే పంచమికి ఆవిరి బండి కూడా వెంట వస్తుంది. అన్నం సహించడం లేదు. ఉప్పు కలపడం, గాలి గొట్టాలు కడగడం, పీతలకి మేత వెయ్యడం, చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆవిరి పడితే పట్టనీ, మనమేం చేస్తాం, సముద్రాన్నే ఆపలేకపోయాం అన్నాడు. ఓదార్చడానికి వచ్చి ఆ ముసలాయనే కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు.

కార్తీక శుద్ధ తదియ

పేరొచ్చింది.

మెహరు పొద్దున్నే పిలిచింది. గొంతులోనే నవ్వుంది. ఆ పేరు నాకు నోరు తిరగలేదు, మూడుసార్లు చెప్పించుకున్నాను, అయినా తిరగలేదు. హాని లేని జాతి అట. బురదని తిని శుభ్రం చేస్తుందట. పాత జాబితాలో ఉందట గానీ, మళ్ళీ ఎవరికీ కనపడకపోయేసరికి అంతరించిందని గీత కొట్టేశారట. "మీ దివిసీమ బురదలో తప్ప యాడా లేవంటమ్మా ఇవి. మీతోపాటు వచ్చినాయి. పంచమి దాకా తొట్టిలో ఏమీ కదిలించొద్దు. ఫస్టు వంతు మీదే ఇంక," అంది.

ఫోను పెట్టేసి ఏడ్చాను. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని రేషను వరసలోకి వెళ్ళి, నా గొంతంతా పెట్టి చెప్పాను. అవేంటో తెలిసిపోయింది, పురుగులే, మంచివే, మన సీమలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేవంట, మనల్ని వెతుక్కుని మనతోనే వచ్చాయంట అన్నాను. ఆ చివరి మాట మెహరు అనలేదు. సంతోషంలో నేనే కలిపాను.

ఎవరూ కేరింతలు కొట్టలేదు. ఆడవాళ్ళు కొందరు చేతులు జోడించారు. వంతు వచ్చినందుకే అనుకున్నాను. అలివేలుకి ఇచ్చే పాలపొడి పొట్లం పట్టుకుని నాగేంద్రం కూడా వరసలో నిలబడి ఉంది. "మనతోనే వచ్చాయా అమ్మా?" అని అడిగింది. అవునే, మనతోనే అన్నాను.

కార్తీక శుద్ధ చవితి

తెల్లారి తొట్టి దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళు తెల్లగా ఉన్నాయి.

మొదట కళ్ళు మసకబారాయేమో అనుకున్నాను. వంగితే పాల వాసన. అంచు మీద పసుపు, కుంకుమ, ఒక మూలన చిమ్మిలి ముద్ద. తొట్టి నిండా పురుగులు లేచి ఉన్నాయి. జానెడు కాదు, ఒళ్ళంతా బయటపెట్టి, నీళ్ళ పైకంటా వచ్చి ఊగుతున్నాయి. చుట్టూ జనం. అందరి చేతులూ జోడించి ఉన్నాయి. స్వామి పాలు తాగుతున్నాడంటున్నారు.

తాగడం కాదది. ఊపిరందక పైకొస్తున్నాయి. అరిచాను. గాలి గొట్టాలన్నీ తిప్పాను. బిందెలు తెండర్రా, నీళ్ళు తోడండి అని ఎంత అరిచినా ముందు ఎవరూ కదల్లేదు. స్వామి పైకొచ్చిన వేళ నీళ్ళు తోడడానికి ఎవరికి చేతులొస్తాయి? ఒక కొయ్యింగ వెల్లకిలా తేలాక అప్పుడు కదిలారు. బావ నడుం లోతు దిగాడు. అందరం తోడాం. కానీ తోడినదాని బదులు పొయ్యడానికి ఉప్పునీళ్ళేవి? కలిపిన ఉప్పు కరగడానికే పూట పడుతుంది. ఉన్న రెండు పీపాలూ పోశాం. తొట్టి తెల్లదనం పోలేదు.

మధ్యాహ్నానికి ఆలిచిప్పలు నోళ్ళు తెరిచాయి. పురుగులు ఒకటొకటిగా వాలిపోయాయి. సాయంత్రానికి వాసన మొదలైంది.

ఎవరు పోశారో నేను అడగలేదు. ఇంటికి వెళితే అలివేలు గుమ్మంలో కూర్చుని ఉంది. రెండు చెవులకీ తొట్టి బురద పూసి ఉంది, నాగులచవితికి పుట్టమన్ను పూసినట్టు. లోపల నాగేంద్రం కడిగిన చెంబు బోర్లించి, గోడకి ఆనుకుని ఉంది. ఈ నెల పాలపొడి అంతా పిల్లకి పట్టకుండా దాచింది. దాచిన పెద్ద డబ్బా ఖాళీగా పక్కనే ఉంది.

కొట్టాలని చెయ్యెత్తాను. నాగేంద్రం తప్పుకోలేదు.

"చెప్పాను కదే పురుగులని," అన్నాను.

"మనతోనే వచ్చాయని కూడా నువ్వే సెప్పావు."

"పాలు పోస్తే చస్తాయే అవి. ఆ మాత్రం తెలీదా నీకు?"

"పుట్టలో పోసినప్పుడు నీకు మాత్రం తెలుసా, పామేమైపోయిందో?" అంది. గొంతులో కోపం లేదు. "నాకోసం నువ్వు పోశావు గదమ్మా. నేను పుట్టాను గదా."

నా చెయ్యి దిగిపోయింది. నిజమే. పెళ్ళయిన ఏడేళ్ళకి మోపిదేవి వెళ్ళి, తడిబట్టలతో పొర్లుదండాలు పెట్టి, చెంబుడు పాలు పోస్తేనే ఇది కడుపున పడింది. అందుకే నాగేంద్రమని పేరు పెట్టుకున్నాను. ఊరంతా తిప్పి ఆ కథ చెప్పుకున్నాను. దీనికి జోలపాటలో కూడా అదే చెప్పాను. ఇప్పుడు నేనేమని తిట్టను?

దాని పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం. అలివేలు వచ్చి ఒకసారి దాని మొహం, ఒకసారి నా మొహం తడిమి చూసింది.

కార్తీక శుద్ధ పంచమి

మెహరున్నీసా పూలదండ తెచ్చింది, నాకు వేద్దామని. తొట్టి దగ్గరికి వచ్చేసరికే ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. దండ సంచీలోంచి తియ్యలేదు. ఒక గాజుపుల్లతో బురద కెలికి చూసింది. ఒక్కటైనా బతికుందేమోనని నేనూ చూశాను. లేదు.

తర్వాత పేటవాళ్ళందరినీ పిలిపించింది. పైవాళ్ళ రూలు చదివి వినిపించింది. తొట్టి దానంతటది చచ్చినా, ఎవరు చంపారో తెలియకపోయినా పేటంతా జాబితాలోంచి పోతుంది. ఒక మనిషి చేసిన పని అని తేలితే ఆ ఒక్క మనిషి పేరే పోతుంది, మిగతావాళ్ళకి కావలి ఊరి తొట్టి నుంచి నీళ్ళు, ప్రాణాలు ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టనిస్తారు. వంతు కాస్త వెనక్కి పోతుంది గానీ ఉంటుంది.

"ఎవరు పోసినారో చెప్పండమ్మా," అంది. "తెల్దు అనొద్దు. నాకు రాయడానికి ఒగ పేరు కావల్ల."

అందరికీ తెలుసు. ఎవరూ నాగేంద్రం వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నారో మెహరుకి కూడా కనపడే ఉంటుంది. బావ నేల చూస్తున్నాడు. నాగేంద్రం అలివేలుని నా వైపు నెట్టి ఒక అడుగు ముందుకేసింది. పిల్ల చెవుల మీద బురద ఎండి పగుళ్ళు బారింది. పొద్దున నేను కడగబోతే చేతులడ్డం పెట్టి కడగనివ్వలేదు. వాళ్ళమ్మ ఉంచుకోమందట.

నాగేంద్రం జబ్బ పట్టుకుని వెనక్కి లాగాను.

"నేనే పోశాను," అన్నాను.

మెహరు నన్ను చూసింది, పిల్ల చెవుల్ని చూసింది. "నువ్వా? నువ్వు పోస్తావా అమ్మా?" అంది.

"మొక్కుంది నాకు. చెంబుడు పాలు. పిల్ల కోసం."

అందులో అబద్ధం లేదు. ఏ ఏడు, ఏ పిల్ల అని ఆమె అడగలేదు. చేతిలో ఉన్న రాత పలక మీద రాసింది. తొట్టి కాపరి నాంచారమ్మ అని రాసి, వేలిముద్ర వెయ్యమంది. వేశాను. వెళ్ళేటప్పుడు నా భుజం నొక్కి వెళ్ళిపోయింది.

వచ్చే వంతుకో, ఆ పై వంతుకో వీళ్ళంతా వెళతారు. నేను ఈ గనిలోనే ఉంటాను. రాయడానికి సులువుగానే ఉంది. కెరటం ఒక్కటి అడిగాను, అంతకన్నా ఏమీ అడగలేదు.

నాగేంద్రం వచ్చి నా కాళ్ళ మీద పడింది. లెమ్మన్నాను. తొట్టి కడగాలి, కావలి నీళ్ళు వచ్చేలోగా రాయి ఆరాలి అన్నాను. బురదంతా తవ్వి గంపలకెత్తాం. గుల్లతిప్ప నుంచి దోసెళ్ళతో తెచ్చిన బురద. అది ఎక్కడ పొయ్యాలో ఎవరికీ తోచలేదు. గని గోడ పక్కన పోశాం. ఆడవాళ్ళు ఆ కుప్ప మీద పసుపు చల్లారు. ఈసారి నేనేమీ అనలేదు.

చీకటిపడే ముందు అలివేలు వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. బురద చెవుల మీద అలాగే ఉంది. వాళ్ళమ్మ దూరం నుంచి చూస్తోంది. నేను పిల్ల మొహం నా వైపు తిప్పుకుని, చెవి చూపించి, ఏమైనా వినపడుతోందా అని అడిగాను. అది వాళ్ళమ్మ వైపు చూసింది. నా వైపు చూసింది. అవునని తల ఊపింది.

నాగేంద్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, సంతోషంతో. ఏం వినపడిందే అని అడగడానికి నాకు నోరు రాలేదు. నిజంగా వినపడిందో, మా కోసమే ఊపిందో నాకు తెలియదు.